ప్రయాణపు పెట్టె: సొంతమా, ఉమ్మడియా?

నూలు ధరలు, రంగులు, రిబేటు, సరుకు అమ్మకము మొదలగు విషయములు వ్రాసుకొను ఈ పుటలలో పెట్టెలు, సంచుల ప్రసక్తి ఎందుకని కొందరు సభ్యులు అనుకొనవచ్చును. కాని నేతపనివారి చరిత్రలో సగము ప్రయాణమే. కామాఠిపురాకు ఆ పేరు వచ్చినదే తెలుగు ప్రాంతములనుండి కట్టడపు పనులకు వలసవచ్చిన కామాఠీల వలన. తరువాత బట్టల మిల్లులలో పనికై మన పద్మశాలి కుటుంబములు ఎన్నో బొంబాయి చేరినవి. 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మె పిమ్మట మిల్లులు ఒక్కొక్కటిగా మూతబడగా, కొందరు భివండి మరమగ్గములకు, కొందరు స్వగ్రామములకు, కొందరు గల్ఫు దేశములకు పోయిరి. ఈ రాకపోకలన్నిటిలోను వెంట వచ్చినది ఒక మూటయో, రేకు పెట్టెయో, సంచియో.

కావున ఈ విషయమై మా అభిప్రాయము ముందే చెప్పుచున్నాము. చిన్న సంచి ఎవరిది వారికి ఉండవలెను. పెద్ద పెట్టె చాల్ మొత్తమునకు ఉమ్మడిగా ఉండవలెను.

మొదటి కారణము చోటు. ఫాక్‌లాండ్ రోడ్‌కు ఇప్పుడు పఠ్ఠే బాపురావ్ మార్గ్ అని పేరు. ఆ రోడ్డు చుట్టుపట్ల చాళ్ళలో మనవారి కాపురము చాలవరకు ఒక్క గదిలోనే. వంట, పడక, పిల్లల చదువు అన్నియు అందులోనే. ఆ గదిలో పెద్ద పెట్టె ఏడాదికి పది దినములు ప్రయాణము చేయును. మిగిలిన దినములన్నియు మంచము క్రింద కాపురముండును. రేకు పెట్టె కాలములో ఈ చిక్కు లేదు. అందులో బట్టలు దాచుకొనెడివారు, దానిమీద కూర్చుండెడివారు, పగటిపూట పరుపు చుట్ట దానిపైననే పెట్టెడివారు. అది ఇంటి సామాను. నేటి చక్రముల పెట్టె అట్లు కాదు. దానిపై మనిషి కూర్చుండిన పగులును, ఖాళీగా ఉంచిన చోటు తినును.

రెండవది పరువు. బతుకమ్మకో, పెండ్లికో ఊరికి పోవునపుడు చేతిలోని పెట్టెను చూచి మనిషి సంపాదన లెక్కగట్టు అలవాటు మనలో ఉన్నది. ఆ భయముతో అప్పు చేసి మెరుగు పెట్టె కొనువారు ఉన్నారు. పెట్టె కొత్తది, లోపలి బట్టలు పాతవి, పైన వడ్డీ. ఊరివారు చూచునది ఒక్క పూట. అప్పు తీర్చునది ఏడాది పొడుగున. బస్సు దిగినవాని చేతిలో మూట ఉన్నంతమాత్రమున వాని పనితనము తక్కువ కాదు.

మూడవది బరువు. రైల్వే నియమము ప్రకారము స్లీపరు తరగతిలో మనిషికి 40 కిలోలు, రెండవ తరగతిలో 35 కిలోలు ఉచితముగా తీసికొనిపోవచ్చును. పెట్టె కొలత పొడవు 100, వెడల్పు 60, మందము 25 సెంటీమీటర్లకు మించరాదు. ఖాళీ పెట్టెయే ఐదు కిలోలు తూగిన, ఆ మేరకు మన సామాను తగ్గినట్లే. చక్రములున్నవి గదా యని అనవచ్చును. పెట్టెకు చక్రములు కట్టుటకు అమెరికాలో బెర్నార్డ్ సాడో పేటెంటు పొందినది 1972లో. నిలువుగా నిలిపి పిడితో లాగుకొనిపోవు పెట్టెను విమాన చోదకుడు రాబర్ట్ ప్లాత్ రూపొందించినది 1987లో. రెండును విమానాశ్రయపు నున్నని నేలకు పుట్టినవి. గ్రాంట్ రోడ్ స్టేషను వంతెన మెట్లమీద, చాల్ మెట్లమీద వాని చక్రములు తిరుగవు. అచ్చట పెట్టెను మోయవలసినది మన భుజమే.

ఇక సొంతముగా కొనవలసిన చిన్న సంచి మాట. నేతపనివారికి బట్టను చూచుట ఎవరు నేర్పవలెను? అయినను సంచి కొనునపుడు మనవారు రంగు, బొమ్మ చూచుచున్నారేగాని పడుగు, పేక చూచుట లేదు. ఒక సంగతి గుర్తుంచుకొనవలెను. మన నూలులో నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నబడును. 80వ నంబరు 40వ నంబరుకన్న సన్నము. సంచుల బట్టకు చెప్పు డెనియర్ దీనికి తలక్రిందులు. తొమ్మిది వేల మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగునో అన్ని డెనియర్లు. కావున అంకె పెరిగినకొద్దీ పోగు లావగును. 600 డెనియర్ పోగు 300 డెనియర్ పోగుకు రెట్టింపు బరువు. పోగు లావైనంతనే సంచి మన్ననుననుకొనరాదు. సంచి తరచుగా తెగునది బట్టలో కాదు, కుట్టులో. లోపలి అస్తరు పైకెత్తి కుట్టు చూడుడు. పిడి అతికిన చోట ఒకే వరుస కుట్టున్న కొనవద్దు. చదరముగా కుట్టి, నడుమ అడ్డముగా మరల కుట్టినది మేలు. దుకాణములోనే జిప్పును పదిసార్లు లాగి చూడుడు. ఖాళీ సంచి అన్నియు తేలికయే. ఏదైన బరువు వేసి భుజమున తగిలించుకొని చూడుడు.

సరుకు తెచ్చు సభ్యులకు వేరుగా ఒక మాట. అమ్మకపు చీరలను సొంత బట్టల సంచిలో కలుపవద్దు. వ్యాపారపు సరుకును సొంత సామానుగా పెట్టెలో తీసికొనిపోవుటకు రైల్వేవారు ఒప్పుకొనరు. దానిని పార్సెల్ ఆఫీసులో బుక్ చేయవలెను. చిరునామా కట్ట పైనను, లోపలను కూడ వ్రాసిపెట్టవలెను. బొంబాయి వానను తక్కువ అంచనా వేయరాదు. 2005 జూలై 26న శాంతాక్రజ్ వద్ద ఒక్క దినములో 944 మిల్లీమీటర్ల వాన పడినది. అట్లని జరీ చీరను నేరుగా ప్లాస్టిక్‌లో చుట్టవద్దు; లోపల చెమ్మ నిలిచి జరీ నల్లబడును. ముందు ఉతికిన నూలుగుడ్డ, దానిపైన వానకు ఆగు కప్పు. కలరా ఉండలు జరీకి తగులరాదు.

గల్ఫు పోవువారి సంగతి వేరు. వారి పెట్టె పోయి చాలకాలము తిరిగి రాదు, గనుక అది సొంతముగా కొనవలసినదే. దానికి త్రాళ్ళు చుట్టి గుండ్రని మూటవలె చేయవద్దు. దుబాయి విమానాశ్రయములో 2017 మార్చినుండి ఒక ప్రక్కయైన చదునుగా లేని సామానును త్రిప్పిపంపుచున్నట్లు ప్రకటించిరి. పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉండవలెను. పాసుపోర్టు, ఒప్పంద పత్రము పెద్ద పెట్టెలో వేయరాదు. వంటికి అంటి ఉండు చిన్న సంచిలో ఉంచవలెను. పెట్టె పోయిన మరల కొనవచ్చును. పరదేశములో ఆ కాగితములు పోయిన మనిషికి దిక్కు తోచదు.

ఉమ్మడి పెట్టెల ఏర్పాటు కష్టమైనది కాదు. పెండ్లికి వంట పాత్రలు, జంపఖానాలు ఉమ్మడిగా వాడుకొనుట మనకు కొత్త కాదు. అట్లే చాల్‌కు నాలుగు మంచి పెట్టెలు, ఒక కొక్కెపు త్రాసు కొని, ఒకదానిలో ఒకటి ఇమిడ్చి ఒక్కచోట ఉంచవచ్చును. తీసికొనువారు కొంత ధరావతు కట్టి, పుస్తకములో సంతకము చేసి, తుడిచి తిరిగి అప్పగింతురు. చక్రము విరిగిన ఖర్చు ధరావతులోనుండి పోవును.

పండుగకు అందరు ఒక్కసారే బయలుదేరుదురు గదా, నాలుగు పెట్టెలు ఎవరికి చాలునని అడుగవచ్చును. ప్రశ్న సరియైనదే. పండుగకు నాలుగు దినములు పోవు కుటుంబమునకు చిన్న సంచులు చాలును. పెద్ద పెట్టె పెండ్లివారికి, బాలింతను పుట్టింటికి తీసికొనిపోవువారికి ముందు ఇవ్వవలెను. ఈ వరుస ముందే వ్రాసిపెట్టిన తగవు రాదు.

సహకారమనగా మగ్గము, నూలు, అమ్మకము మాత్రమే కాదు. ఒక్కొక్క ఇంటికి భారమైనదానిని పదిమంది కలసి మోయుటయే సహకారము. రానున్న పండుగకు ముందే ప్రతి చాల్‌వారు ఒకసారి కూర్చుండి ఈ విషయము ఆలోచింపవలెనని, నచ్చనిచో ఎందుకు నచ్చలేదో మాకు వ్రాయవలెనని సభ్యులను కోరుచున్నాము.