వెతికే పనికి మజూరీ ఏది?

కార్లో నీళ్లు తగ్గుతున్నాయని చెప్తే మా నంద్యాలలో దొరికే జవాబు ఒకటే: "పోస్తా ఉండండి భాయ్, పాత బండి కదా!" ఈ మాట వినీ వినీ నాకు చిరాకు పుట్టింది. బండి పాతదైతే కూలెంట్ గాల్లో కలిసిపోవాలని ఏ కితాబులో రాసుంది? ఇంజన్ చుట్టూ నీళ్లు తిరిగే దారి మూసి ఉన్న దారి. ఏళ్ల మీద కాస్త తగ్గడం వేరు, వారం వారం పావు లీటరు తగ్గడం వేరు. అలా తగ్గిందంటే ఎక్కడినుంచో బయటికి కారుతోంది, లేదా ఇంజన్ లోపలికి దిగి ఆవిరై పొగగొట్టంలోంచి పోతోంది. మూడో రాస్తా లేదు.

నా కారు పదిహేడేళ్ల పెట్రోలు బండి. కొత్తది కొనే హైసియత్ నాకు లేదు, అవసరమూ లేదు. కానీ నెలకు రెండుసార్లు అమ్మీని కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోవాలి. పోను డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, రాను అంతే. మే నెల ఎండలో ఓర్వకల్లు రాళ్ల మధ్య బండి ఆగిపోతే డెబ్బై రెండేళ్ల మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆ ఫికర్‌తోనే ఈ లీకు సంగతి తేల్చుకోవాలనుకున్నా.

మొదట ఒక షెడ్డుకు పోయాను. బానెట్ ఎత్తి, రెండు నిమిషాలు చూసి, రేడియేటర్ మార్చాలన్నారు. "ఎక్కడ కారుతోంది?" అని అడిగితే, "కారేది కనపడదు సార్, లోపల ఉంటుంది" అన్నారు. రెండో షెడ్డులో హెడ్ గాస్కెట్ పోయిందన్నారు, ఇంజన్ విప్పాలన్నారు. ఒకటి వేలల్లో ఖర్చు, రెండోది అంతకు కొన్ని రెట్లు. ఇద్దరిలో ఒక్కరైనా ఒక్క పరీక్ష చేయలేదు. గుమాన్ మీద నుస్ఖా రాసే హకీముకు మనం నాడి చూపించం కదా! రెండు చోట్లా సలాం చెప్పి బండి వెనక్కి తెచ్చుకున్నా.

మూడోసారి ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన చేయి వేసేముందే నేను ఒక మాట చెప్పాను: "ఉస్తాద్, సామాను మార్చినా మార్చకపోయినా, వెతికినందుకు మీ మజూరీ ఇస్తాను. ఎంతో చెప్పండి." ఆయన నా మొహం వైపు కాసేపు చూశారు. "నలభై ఏళ్లలో ఈ మాట అన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు భాయ్‌సాబ్" అని నవ్వారు. ఆ నవ్వులో కొంచెం శికాయత్ కూడా ఉంది.

ఆయన మొదట చూసింది రేడియేటర్ మూత. మనం దాన్ని సీసా మూతలాగా చూస్తాం. నిజానికి అది ఒక వాల్వు. దాని మీద 0.9 అనో 1.1 అనో రాసి ఉంటుంది. అది పట్టి ఉంచే ఒత్తిడి లెక్క. మూత ఒక బార్ ఒత్తిడిని ఆపితే మామూలు నీళ్లు కూడా 100 దగ్గర కాకుండా 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూతలో రబ్బరు గట్టిపడి, స్ప్రింగు నీరసిస్తే ఒత్తిడి నిలవదు, నీళ్లు ముందే మరిగి పక్క డబ్బాలోకి పొంగి బయట పడతాయి. రేడియేటర్ మార్చమన్న చాలా బండ్లకు ఖరాబైంది ఈ చిన్న మూతే అని ఉస్తాద్ అంటారు. నా బండి మూత బాగానే ఉంది.

తర్వాత నీలం రంగు ద్రవం ఉన్న గాజు గొట్టం తెచ్చి రేడియేటర్ నోటి మీద పెట్టి ఇంజన్ నడిపించారు. హెడ్ గాస్కెట్ పోయి పెట్రోలు పొగ నీళ్లలోకి వస్తుంటే ఆ నీలం పసుపుకు తిరుగుతుంది. తిరగలేదు. ఇంజన్ ఆయిల్‌లో పాల రంగు లేదు, సైలెన్సర్ నుంచి ఆగకుండా తెల్ల పొగ లేదు. లోపల హీటరు కారితే ముందు అద్దానికి జిగురు మసక పడుతుంది, కాళ్ల కింద కార్పెట్ తడుస్తుంది, తియ్యటి వాసన వస్తుంది. అవేవీ లేవు. వాటర్ పంపు సీలు పోతే అడుగున ఉన్న చిన్న రంధ్రం నుంచి మరక దిగుతుంది. అదీ పొడిగానే ఉంది.

ఇక మిగిలింది ప్రెషర్ టెస్టర్. సైకిలు పంపు లాంటి చేతి పంపు, దానికో మీటరు. మూత స్థానంలో బిగించి, మూత మీద రాసినంత వరకే గాలి కొట్టి, ముల్లు చూస్తూ కూర్చోవాలి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కొట్టారు, ముల్లు కదల్లేదు. ఇంకొకరైతే "అంతా ఠీక్" అనేవారేమో. ఆయన మాత్రం "రాత్రికి బండి ఇక్కడే వదలండి, పొద్దున చల్లటి మీద చూద్దాం" అన్నారు.

పొద్దున ముల్లు మెల్లగా దిగింది. టార్చి వేసి, చిన్న అద్దం పెట్టి వెతికితే ఇంజన్ వెనకాల, క్యాబిన్ గోడ దగ్గర, హీటరుకు పోయే రబ్బరు గొట్టం కట్టు దగ్గర గులాబీ రంగు ఉప్పులాంటి పొర. వయసుకు రబ్బరు గట్టిపడింది, క్లిప్పు పట్టు సడలింది. వేడెక్కితే అంతా ఉబ్బి బిగుసుకుంటుంది, చల్లారితే సందు తెరుచుకుంటుంది. పడిన చుక్కలు గేర్‌బాక్సు మీది గుంటలో నిలిచి, బండి నడిచినప్పుడు ఆ వేడికి ఆరిపోయేవి. అందుకే నేల మీద చుక్క కనపడలేదు. జానెడు గొట్టం, రెండు క్లిప్పులు. సామాను ఖర్చు కొన్ని వందలే. ఉస్తాద్ మజూరీ దానికంటే ఎక్కువైంది. ఖుషీగా ఇచ్చాను.

నేను చెప్పదలచుకున్న అసలు బాత్ ఇప్పుడొస్తోంది. ఆ రెండు షెడ్డుల వాళ్లను బేయీమాన్లు అనడం ఆసాన్. కానీ వాళ్ల హిసాబు కూడా చూడండి. రెండు గంటలు వెతికి, "క్లిప్పు బిగించాను" అని మిస్త్రీ చెప్తే మనం ఎంత ఇస్తాం? యాభై చేతిలో పెట్టి, "దీనికేనా ఇంత సేపు?" అంటాం. అదే రేడియేటర్ మార్చితే వేలు లెక్కపెట్టి ఇచ్చి షుక్రియా కూడా చెప్తాం. సామానుకు పైసలిచ్చి, దిమాగుకు ఇవ్వని గిరాకీలున్న బజారులో దిమాగు ఎవడు వాడతాడు? మార్చడమే రోజీ అయినప్పుడు అందరూ మార్చేవాళ్లే అవుతారు. వెతికే హునర్ మెల్లగా చచ్చిపోతుంది. షెడ్డులో పదేళ్లు నూనె చేతులతో నేర్చుకున్న షాగిర్దుకు, పానా తిప్పడం కంటే ఎక్కడ తిప్పాలో తెలియడమే ఇల్మ్ అని ఎలా అర్థమవుతుంది?

దీనికి ఒక ఎతరాజ్ ఉంది, అది వాజిబైనదే. ఆటో, టాక్సీ నడిపే మన వాళ్లు బండిని ఒక రాత్రి షెడ్డులో వదిలితే ఆ రోజు కమాయి పోయినట్టే. వాళ్లు నీళ్ల సీసా పక్కన పెట్టుకుని నెట్టుకొస్తారు. వాళ్ల మజ్బూరీ నాకు తెలుసు. కానీ ప్రెషర్ పరీక్ష మొదటి విడతకు అరగంట చాలు, చాలా లీకులు అందులోనే బయటపడతాయి. నీళ్లు అయిపోయి ఇంజన్ ఒక్కసారి మాడితే హెడ్ వంగుతుంది, గాస్కెట్ పోతుంది, బండి రోజులకు రోజులు షెడ్డులోనే పడుంటుంది. ఒక పూట కమాయి కోసం వారాల కమాయిని పందెం కాయడం గరీబుకు మరీ మహంగా పడే సౌదా.

నీళ్లు పోస్తూ పోవడంలోనూ నుక్సాన్ ఉంది. మన బోరు నీళ్లు గట్టి నీళ్లు. టీ గిన్నె అడుగున తెల్లగా కట్టే పొరే ఇంజన్ దారుల్లోనూ కడుతుంది. పోసిన కొద్దీ కూలెంట్‌లోని తుప్పును ఆపే మందు పలచబడుతుంది. లీకు మూసే పొడి వేస్తే అది రంధ్రంతో పాటు హీటరు సన్న దారుల్ని కూడా మూసేయొచ్చు. ఇంకొందరు బండి వేడెక్కుతోందని థర్మోస్టాట్ వాల్వు పీకి పారేస్తారు. మర్జు అలాగే ఉంటుంది, ఇంజన్ మాత్రం సరైన వేడికి రాక పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

కాబట్టి దోస్తులారా, నా గుజారిష్ ఇది. నీళ్లు తగ్గుతుంటే వారం రోజులు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, డబ్బా మీద గీత చూసి కాగితం మీద రాయండి. వేడి మీద మూత తీయొద్దు, మొహం కాలుతుంది. కూలెంట్ తియ్యగా ఉండే జెహర్, పిల్లలకు, పిల్లులకు, కుక్కలకు అందకుండా దాచండి. షెడ్డుకు పోయినప్పుడు "ఏం మార్చాలి?" అని అడక్కండి. "ఎక్కడ కారుతోందో చూపించండి, చూపించినందుకు ఎంత తీసుకుంటారు?" అని అడగండి. చూపించలేని చోట సామాను కొనకండి. చూపించిన మిస్త్రీతో బేరం ఆడకండి. వెతికే పనికి అడిగి మరీ మజూరీ ఇచ్చే గిరాకీలు వీధికి పదిమంది తయారైతే, వెతకడం తెలిసిన మిస్త్రీలు వాళ్లంతట వాళ్లే తయారవుతారు.