21 ఇన్ 1 అన్నారు... కటింగ్ ప్లయర్ ఒక్కటీ సరిగ్గా లేదు!

బాక్స్ మీద పెద్ద అక్షరాలతో ‘21 ఇన్ 1’ అని ఉంది. ఆ 21 ఏంటో కూర్చుని లెక్కపెట్టాను. ప్లయర్స్ ముక్కు ఒక టూల్, అదే ప్లయర్స్ మధ్యలో పళ్లున్న భాగం ఇంకో టూల్. ఆరు బిట్లు ఆరు టూల్స్, వాటిని పెట్టే హోల్డర్ మళ్లీ వేరే టూల్. హ్యాండిల్ మీద గీసిన స్కేలు ఒక టూల్. చివరికి తాడు కట్టుకునే రింగు కూడా టూలే! నిజాయితీగా లెక్కిస్తే 12 దగ్గర ఆగింది.

ఇది మనకి కొత్త కాదు కదా. వెనకాల నాలుగు కెమెరాలు అని చెప్పి, అందులో రెండు 2 మెగాపిక్సెల్ మాక్రో, డెప్త్ సెన్సర్లు పెట్టిన ఫోన్లు ఎన్ని చూశాం? మల్టీటూల్స్‌లో ఇప్పుడు అదే ఆట నడుస్తోంది. నేను కొన్నది 2,799 రూపాయలది. బ్రాండ్ పేరు చెప్పను, చెప్పినా పెద్ద ఉపయోగం లేదు. అచ్చం ఇదే బాడీ, ఇదే నైలాన్ పౌచ్, వేరే వేరే లోగోలతో ఆన్‌లైన్‌లో మరో నాలుగైదు కనిపిస్తున్నాయి. అందుకే ఒక్క బ్రాండ్‌ని కాదు, ఈ డిజైన్‌నే తిట్టాలనుకుంటున్నా.

చూడ్డానికి మాత్రం సూపర్‌గా ఉంది. మ్యాట్ బ్లాక్ కోటింగ్, చేతిలో మంచి బరువు. ఆ బరువు చూసే చాలామంది ‘బిల్డ్ క్వాలిటీ అదిరింది’ అనేస్తారు. బరువుకీ క్వాలిటీకీ సంబంధం లేదని ఫోన్ల విషయంలో మనం ఎప్పుడో నేర్చుకున్నాం, టూల్స్ దగ్గరికి వచ్చేసరికి మర్చిపోతున్నాం.

అసలు మల్టీటూల్ అంటేనే ప్లయర్స్. కత్తి, కార్క్ ఓపెనర్, చిన్న కత్తెర ఉండే స్విస్ ఆర్మీ నైఫ్ 19వ శతాబ్దం చివర్లోనే వచ్చేసింది. దానిలో లేనిది గట్టి పట్టు. అమెరికాకి చెందిన టిమ్ లెదర్‌మన్ 1975లో పాత కారులో యూరప్ తిరుగుతూ, జేబులో కత్తి ఉన్నా ప్లయర్స్ లేక అవస్థపడి మడతపెట్టే ప్లయర్స్ ఐడియాకి వచ్చాడు. దాన్ని అమ్మకానికి తేవడానికి 1983 దాకా పట్టింది. అంటే ఈ కేటగిరీ పుట్టిందే ప్లయర్స్ కోసం. నా 21 ఇన్ 1లో సరిగ్గా ఆ ప్లయర్సే ఫెయిల్.

దవడలు రెండూ మూసి ట్యూబ్‌లైట్ వైపు పెట్టి చూస్తే మధ్యలోంచి వెలుతురు కనిపిస్తోంది. కొసలు ఒకదానికొకటి కలవవు, ఒకటి కొంచెం ఎడమకి వాలి ఉంటుంది. జిరాక్స్ పేపర్‌ని కొసతో పట్టుకుని లాగితే జారిపోతుంది. వైరు కట్ చేసే భాగం ఇంకా ఘోరం. మామూలు కరెంటు కాపర్ వైరు తెగలేదు, నలిగింది. కట్టుబడి పనిలో వాడే బైండింగ్ వైరు పెట్టి నొక్కితే తీగకి కాదు, కట్టర్ అంచుకే సొట్ట పడింది. తీగ కంటే మెత్తగా ఉండే స్టీలుతో కట్టర్ చేస్తే ఇంకేం జరుగుతుంది?

స్టీలు ఏ గ్రేడో ఎక్కడా రాయలేదు. ‘హై గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్’ అట. ప్రాసెసర్ పేరు చెప్పకుండా ‘పవర్‌ఫుల్ ఆక్టాకోర్’ అని రాసిన ఫోన్‌ని మనం కొంటామా? 420హెచ్‌సీ అనో, 440సీ అనో గ్రేడ్ చెబితే ఎంతో కొంత అంచనా ఉంటుంది. గ్రేడ్ ఒక్కటే చాలదు కూడా, హీట్ ట్రీట్‌మెంట్ సరిగ్గా చేయకపోతే మంచి స్టీలూ మెత్తగానే ఉంటుంది. ఇక్కడ రెండూ రహస్యమే. మూడు వారాల్లో ఆకురాయి పళ్ల మధ్య తుప్పు చుక్కలు మాత్రం బహిరంగంగానే వచ్చాయి.

ఇక హ్యాండిల్స్. రేకుని మడిచి చేశారు, ఆ అంచులు బయటికే ఉంచేశారు. ప్లయర్స్‌ని గట్టిగా నొక్కితే అరచేతిలో గీతలు పడతాయి. లెదర్‌మన్ మొదటి మోడల్ మీద కూడా ఈ కంప్లయింటే ఉండేది. 1998లో వచ్చిన వేవ్ మోడల్‌లో హ్యాండిల్ అంచుల్ని గుండ్రం చేశారు, కత్తుల్ని బయటివైపు పెట్టి ఒక్క చేత్తో తెరిచేలా మార్చారు. ఎప్పుడో తీరిపోయిన సమస్యని మళ్లీ తెచ్చి పెట్టడానికి ప్రత్యేకంగా ఎవరైనా డిజైనర్‌ని పెట్టుకున్నారేమో తెలీదు.

స్క్రూ డ్రైవర్ కోసం గోరుతో లాగితే క్యాన్ ఓపెనర్, రంపం కూడా గుంపుగా లేచి వస్తాయి. వాటిని మళ్లీ లోపలికి తోసి, డ్రైవర్‌ని తిప్పుతుంటే అది హ్యాండిల్‌కి ఒక పక్కన ఉండటం వల్ల స్విచ్ బోర్డు లోతులో ఉన్న స్క్రూకి అందదు. ఫిలిప్స్ కొసని రెండు వైపులా చెక్కేసి పల్చగా చేశారు, కాబట్టి అందిన స్క్రూ తల కూడా అరిగిపోతుంది. అన్నీ ఉన్నాయి కానీ అల్లుడి నోట్లో శని అన్నట్టుంది వ్యవహారం.

ఇవన్నీ చిరాకులు. నాకు నిజంగా కోపం తెప్పించింది కత్తి లాక్. దీంట్లో ఉన్నది లైనర్ లాక్. కత్తిని పూర్తిగా తెరవగానే హ్యాండిల్ లోపలి పల్చటి స్ప్రింగ్ రేకు పక్కకి జరిగి, కత్తి మొదలు వెనకాల అడ్డంగా నిలబడాలి. అదే కత్తి మన వేళ్ల మీదకి మడుచుకోకుండా ఆపేది. నా దాంట్లో ఆ రేకు అంచు వెంట్రుకవాసి మాత్రమే ఆనుతోంది. అట్టపెట్టె కోస్తుంటే కత్తి ఇరుక్కుంది, వెనక్కి లాగగానే లాక్ జారి కత్తి మడుచుకుంది. వేళ్లు పక్కకి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. కంపెనీకి వీడియో తీసి పంపితే ‘కొద్దిపాటి కదలిక సాధారణమే’ అని రిప్లై వచ్చింది. ఫోన్ హ్యాంగ్ అయితే రీస్టార్ట్ చేసుకుంటాం, వేలు తెగితే?

‘బ్రో, ఆ రేటుకి ఇంతకంటే ఏం వస్తుంది’ అనేవాళ్లుంటారు. ఏం వస్తుందో చెప్తా. హార్డ్‌వేర్ షాపుకెళ్తే కొన్ని వందల్లో టపారియా కటింగ్ ప్లయర్ వస్తుంది, ఇంకొన్ని వందల్లో స్క్రూ డ్రైవర్ సెట్ వస్తుంది. అవి ఏళ్ల తరబడి పనిచేస్తాయి. 2,799కి తక్కువ టూల్స్‌తో మంచి మల్టీటూల్ చేయడం కుదరని పనేం కాదు. ప్లయర్స్, కత్తి, రెండు డ్రైవర్లు, కత్తెర చాలు. కానీ ‘5 ఇన్ 1’ అంటే థంబ్‌నెయిల్‌లో బాగోదు.

ఇందులో మన రివ్యూవర్ల పాత్ర కూడా ఉంది. ఈ డిజైన్ మీద నేను చూసిన వీడియోలన్నింట్లో ఒక్కో టూల్‌ని టక్ టక్‌మని తెరిచి మూయడమే. ఒక్కదాంట్లో కూడా ఒక్క తీగైనా తెగలేదు. ఫోన్‌కి గీక్‌బెంచ్ రన్ చేసేవాళ్లు మల్టీటూల్‌కి జానెడు బైండింగ్ వైరు పెట్టలేరా?

ఇప్పటికే ఆర్డర్ పెట్టేసినవాళ్లు డెలివరీ రోజే మూడు చూడండి. దవడలు మూసి లైటుకి పెట్టండి, వెలుతురు కనిపించకూడదు. కొసతో పేపర్ పట్టి లాగండి, జారకూడదు. తర్వాత కత్తి తెరిచి, వేళ్లన్నీ దారిలో లేకుండా చూసుకుని, కత్తి మొద్దు వైపుని చెక్క బల్లకి మెల్లగా నొక్కండి. లాక్ కదిలిందంటే ఇంకేం ఆలోచించకుండా రిటర్న్ పెట్టేయండి. అప్పటిదాకా బాక్స్ మాత్రం పారేయకండి.