తన దారి తానే చేసుకునే మరమేకు



కిందటి వారం మా మనవడు తన బ్యాటరీ కారు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "తాతయ్యా, నాలుగు స్క్రూలూ బిగించాను. రెండు ఊరికే తిరుగుతున్నాయి, పట్టడం లేదు" అన్నాడు. ఇదివరకు ఎన్నిసార్లు విప్పావురా అని అడిగాను. వేళ్లమీద లెక్కపెట్టి, "ఎనిమిది" అన్నాడు. విప్పి చూడాలనే కోరికను నేను ఎన్నడూ తప్పుపట్టను. చిక్కంతా మళ్లీ బిగించేటప్పుడే వస్తుంది.

మీ సైకిలుకున్న బోల్టు చూడండి. దానికొక నట్టు ఉంటుంది. నట్టు లోపల మరచుట్లు ముందే కోసి ఉంటాయి. కాని ఇలాంటి ఆటబొమ్మ లోపల చూస్తే నట్టు కనిపించదు. చిన్న ప్లాస్టిక్ గొట్టం, అందులో నున్నటి రంధ్రం, అంతే! మరి మరమేకు దేనిని పట్టుకుని నిలుస్తుంది?

ఆ రంధ్రం మరమేకు కంటె కొంచెం సన్నగా ఉంటుంది. మరమేకు లావు 3 మిల్లీమీటర్లయితే రంధ్రం సుమారు 2.5 ఉంటుంది. మొదటిసారి తిప్పినప్పుడు మరమేకు చుట్లు ప్లాస్టిక్‌ను ఒత్తుకుంటూ లోపలికి దిగుతాయి. ప్లాస్టిక్ కొద్దిగా జరిగి, చుట్ల మధ్య సందుల్లోకి చేరి గట్టిగా పట్టుకుంటుంది. అంటే ఈ మరమేకు తన నట్టును తానే తయారుచేసుకుంటుందన్నమాట. అందుచేతనే దీనిని సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూ అంటారు.

బోల్టు పక్కన పెట్టి పోల్చి చూడండి. దీని చుట్లు ఎడంఎడంగా, ఎత్తుగా ఉంటాయి. మామూలు బోల్టు చుట్టు కోణం 60 డిగ్రీలు. ప్లాస్టిక్ కోసమే చేసిన కొన్నింటిలో 30 డిగ్రీలే. మొద్దు చుట్టు గొట్టాన్ని బయటికి తోసి చీలుస్తుంది. సన్నటిది చాకులా దూరుతుంది.

మరమేకును విప్పినా, లోపల అది చేసుకున్న దారి చెరగదు. మళ్లీ పెట్టి ఒక్కసారిగా కుడివైపుకు తిప్పామనుకోండి, పాత దారి దొరకక అది కొత్త దారి కోస్తుంది. పాతదానిని అడ్డంగా నరికేస్తుంది. అలా నాలుగైదుసార్లు జరిగితే పట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది?

కాబట్టి మరమేకును రంధ్రంలో నిలబెట్టి, నొక్కకుండా, మొదట ఎడమవైపుకు తిప్పండి. అవును, విప్పే వైపుకే! ఒక చుట్టు తిరిగేలోగా ఒకచోట 'టిక్కు'మని కిందికి జారినట్లు వేళ్లకు తెలుస్తుంది. పాత దారి మొదలు అదే. ఇక కుడివైపుకు తిప్పితే తేలికగా దిగుతుంది. మొదటి చుట్టులోనే బిగుతుగా ఉంటే దారి తప్పిందన్నమాట. వెనక్కి తిప్పి మళ్లీ వెతకండి.

తల ఆనగానే ఆపాలి. "ఇంకొక్క పిసరు" అనే ఆశ నా ట్రాన్సిస్టరు రేడియో కొంప తీసింది. గొట్టం నిలువునా చీలింది. ఏళ్ల తరబడి పిల్లలకు ఓర్పు గురించి చెప్పినవాణ్ణి! ఆ రేడియోకు ఇప్పుడు రబ్బరు బ్యాండే ఆధారం.

గోడ ప్లగ్గుకు తగిలించే వస్తువుల జోలికి మాత్రం మీరు పోవద్దు. అవి పెద్దల పని.

మనవడి కారులో పాడైన రెండు రంధ్రాలకూ కాస్త లావు మరమేకులు వెతికి వేశాను. ఒకటి పట్టింది, రెండోది పట్టలేదు. బాగున్న రెండింటినీ వాడే, కళ్లు మూసుకుని, 'టిక్కు' కోసం వెతికి బిగించాడు.