గాయకుడు సంగీతజ్ఞుడు కాడా?

బతుకమ్మ దినములలో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు పల్లెలలో స్త్రీలు వలయముగా తిరుగుచు పాడుదురు. చప్పట్లే తాళము, వాద్యముతో పని లేదు. అది సంగీతము కాదనువారు లేరు. సినిమా పాట దగ్గరకు వచ్చుసరికి మాత్రము బాణీ కట్టినవాడే సంగీతజ్ఞుడు, పాడినవాడు గొంతు అరువిచ్చినవాడు అను మాట వినవచ్చుచున్నది.

శాస్త్రము అట్లనలేదు. 13వ శతాబ్దిలో శార్ఙ్గదేవుడు నృత్తము వాద్యమును, వాద్యము గీతమును అనుసరించునని చెప్పెను. మన కాపీరైటు చట్టము గాయకుని, సంగీతజ్ఞుని వేరు మాటలతో పేర్కొన్నను (పాములవానిని సైతము విడువలేదు!) అందరిని ప్రదర్శకులుగనే గుర్తించి హక్కులిచ్చినది.

ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము పద్ధతిగా కర్ణాటక సంగీతము అభ్యసింపలేదు. అయినను 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ చిత్రమున పాడినందుకు జాతీయ పురస్కారము పొందిరి. బాణీలు కె.వి. మహాదేవనువే. కాని మైకు ముందు ఊపిరి ఎక్కడ నిలుపవలెనో, ఏ అక్షరమునకు ఎంత బరువీయవలెనో తేల్చుకొనవలసినది పాడువాడే గదా! అది అరువు సొమ్ము కాదు.

ఆయన 2020లో గతించిరి. 2023 నాటి ‘కీడా కోలా’ చిత్రమున ఆయన కంఠమును కృత్రిమ మేధతో సృష్టించి, తమ అనుమతి లేకయే వాడుకొనిరని కుమారుడు చరణ్ నోటీసు పంపిరి. పాడువాడు గొంతు అరువిచ్చినవాడే యైనచో, ఒకమారు కూలి ముట్టిన పిదప యంత్రము ఆ గొంతును ఎన్నిమార్లు పలికించినను తప్పు పట్టరాదు.

పేరున్న కుటుంబము గనుక నోటీసు వెళ్లినది. నేడు యూట్యూబులో జానపదములు పాడుచున్న మన పల్లెల గాయనుల గొంతును ఇట్లే వాడుకొన్నచో, వారి పక్షమున ఎవరు పంపుదురు?