మూడు చక్రాల మీద కొచ్చి

ప్రాచీన నగరాన్ని ఎంత వేగంతో చూడాలి? ప్రశ్న వింతగా తోచవచ్చు గాని, యాత్రికునికి ఆ నగరం ఏ మేరకు దక్కుతుందన్నది చాలావరకు దీనిమీదనే ఆధారపడి ఉంటుంది. కేరళ తీరంలోని కొచ్చినే తీసుకొందాం. పాతనగరమైన ఫోర్ట్ కొచ్చి, మట్టాంచేరిలలో ఇరుకు సందులు ఎక్కువ. పెద్ద బస్సులు వాటిలోకి పోలేవు. ఉక్కపోతలో అన్నింటినీ కాలినడకన చుట్టిరావడం వృద్ధులకు, పిల్లలకు కష్టం. అందుకే అక్కడ ఆటోయాత్ర వాడుకలోకి వచ్చింది. విదేశీయులు ముద్దుగా ‘టుక్‌టుక్’ అని పిలిచే ఆ బండిలో ఇద్దరు ముగ్గురు కూర్చుంటే, డ్రైవరే మార్గదర్శకుడై కొన్ని గంటల్లో ఊరు చూపిస్తాడు.

ఈ పద్ధతి మెచ్చదగినదే. అయితే మనవారు బండికి బేరమాడినంత శ్రద్ధగా దానిని నడిపే మనిషి మాట వినరు. ‘రిక్షా’ అన్న పదానికి మూలం జపాను భాషలోని ‘జిన్‌రికిషా’. మనిషి బలంతో కదిలే బండి అని దాని అర్థం. అందులో ‘జిన్’ అంటే మనిషి. వాడుకలో రాలిపోయినది సరిగ్గా ఆ ముక్కే!

గ్రంథాలు చెప్పే కొచ్చి ఒకటున్నది. 1341లో పెరియార్ నదికి వచ్చిన వరదవల్ల ప్రాచీన ముజిరిస్ రేవు పూడిపోయి, కొచ్చి రేవు వృద్ధిలోకి వచ్చిందని అంటారు. మిరియాల వాసన పట్టి 1500లో పోర్చుగీసువారు వచ్చారు. 1663లో డచ్చివారు, 1795లో ఆంగ్లేయులు నగరాన్ని వశపరచుకొన్నారు. 1524లో ఇక్కడే మరణించిన వాస్కోడగామాను మొదట ఖననం చేసిన చోటును సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో నేటికీ చూపుతారు. మట్టాంచేరి రాజభవనాన్ని లోకులు డచ్చి భవనమంటారు గాని, కట్టించి రాజుకిచ్చినవారు పోర్చుగీసువారు. డచ్చివారు చేయించినది మరమ్మతు మాత్రమే. దాని గోడలమీద రామాయణ చిత్రాలున్నాయి. పక్కనే 1568 నాటి యూదుల ప్రార్థనా మందిరం.

ఇంతవరకు పుస్తకం చాలు. ఆ మందిరం శనివారం తెరవరని ముందుగా హెచ్చరించేది డ్రైవరు. వెలి ప్రాంతంలోని ధోబీఖానా ముందు బండి ఆపి, ఒకనాటి సైనికుల దుస్తులు ఉతకడానికి తమిళనాటి నుంచి వచ్చినవారి సంతతి ఇప్పటికీ అక్కడ బట్టలు ఉతుకుతున్నదని చెప్పేదీ అతడే. తెలుగువారైతే వారిని తిరుమల దేవస్వం ఆలయానికి తీసుకుపోతాడు. అక్కడి మూలమూర్తి వేంకటాచలపతి. కొలిచేవారు కొంకణి మాట్లాడే గౌడ సారస్వతులు. గోవాలో పోర్చుగీసువారి మతపీడనకు తాళలేక వీరి పూర్వులు తరలివచ్చారు. ఆ పోర్చుగీసువారితోనే చెలిమి నెరపిన కొచ్చి రాజ్యంలో వారికి ఆశ్రయం దొరికింది! చరిత్రలోని ఇటువంటి మెలికలు నాలుగు వీధులు తిరిగితే గాని మనసుకు పట్టవు.

డ్రైవర్లు చెప్పేవి కట్టుకథలని కొందరు విద్యావంతులు తేలికగా కొట్టివేస్తారు. ఇది పూర్తిగా న్యాయం కాదు. ‘చీనవల’లనే చూడండి. అవి కుబ్లయిఖాన్ కాలంలో చైనా నుంచి వచ్చాయని ఒక మాట. పోర్చుగీసువారు మకావు నుంచి తెచ్చారని మరొక మాట. పండితులకే తెగని సంగతిని ఆటోలో తేల్చమనడం ఏమి సబబు? నలుగురైదుగురు కలిసి తాళ్లు లాగితే, వెనుక వేలాడే బండరాళ్ల బరువుకు ఆ మహాజాలం నీటిలోనుంచి లేచే తీరును అతడు చక్కగా వివరించగలడు. సూర్యాస్తమయ వేళ ఛాయాచిత్రం తీసుకొని తృప్తిపడేవారికి వలలో పడిన చేపలెన్నో కనబడవు. ఆ లెక్క చూపించగలవాడే అసలైన మార్గదర్శకుడు.

ఒక లోపం మాత్రం ఉన్నది. పర్యాటక నగరాలన్నిటిలోనూ డ్రైవర్లు అతిథులను పెద్ద దుకాణాలకు తీసుకుపోయి, అక్కడ కమీషన్ పుచ్చుకోవడం కద్దు. ధోబీఖానాకు దక్కవలసిన అరగంట తివాచీల అంగడి పాలవుతుంది. తప్పు డ్రైవరు ఒక్కనిదే అనలేము. చౌకగా తిప్పమని బేరమాడినవాడు మిగతా కూలిని దుకాణదారు చేత ఇప్పిస్తున్నాడన్నమాట. ప్రభుత్వం, స్థానిక కళాశాలలు కలిసి ఈ డ్రైవర్లకు తమ ఊరి చరిత్రలో శిక్షణ ఇచ్చి, గుర్తింపు పత్రాలిచ్చి, చెప్పే మాటకు కూడా న్యాయమైన రేటు నిర్ణయించడం అవసరం.

జాగు చేయదగిన పని కాదిది. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడిన తరువాత కొచ్చి యూదులలో అత్యధికులు అక్కడికి తరలిపోయారు. మట్టాంచేరిలోని యూదుల వీధి నేడు పురాతన వస్తువులు, సుగంధ ద్రవ్యాలు అమ్మే దుకాణాల వరుస. ఏ తలుపు వెనుక ఏ కుటుంబం నివసించిందో ఆ వీధిలో ఆడుకొంటూ పెరిగినవారికి తెలుసు. వారిలో కొందరు ఇప్పుడు వీధి చివర ఆటో నిలుపుకొని, బేరం కోసం ఎదురుచూస్తూ ఉంటారు.