వస్తువు, శిల్పం, రాయి

వస్తువు, శిల్పం అన్న జంటపదాలు తెలుగు సాహిత్యవిమర్శకు ఎంత అలవాటయ్యాయంటే, నిజమైన రాతిశిల్పం ఎదుట నిలిచినప్పుడు కూడ విమర్శకుడు వాటినే వెంటబెట్టుకొని వస్తాడు. శాస్త్రభావన వస్తువనీ, రాయి దానికి తొడిగిన రూపమనీ విడదీస్తాడు. విజ్ఞానస్ఫూర్తితో చెక్కిన అమూర్తశిల్పం శాస్త్రపాఠానికి గీసిన బొమ్మవంటిదేనన్న తీర్పు ఈ విభజననుండే పుడుతున్నది. ఆ తీర్పు నిలువదు.

మాక్స్ బిల్ 1935లో రూపొందించిన ‘అంతులేని పట్టీ’ మోబియస్ పట్టీయే. కాని 1858 నాటి ఆ గణితావిష్కరణ సంగతి శిల్పికి తరువాతగాని తెలియలేదు. వస్తువు ముందు, రూపం వెనుక అనే క్రమం ఇక్కడే తలకిందులైంది. పైగా గణితంలోని పట్టీకి మందం లేదు. గ్రానైట్‌లో వచ్చిన ప్రతికి మందం ఉండక తప్పదు. మందం రాగానే అంచు సైతం ఒక తలమవుతుంది. రాయి సిద్ధాంతాన్ని అనువదించి ఊరుకోలేదు, దానిని సవరించింది.

హెలమన్ ఫెర్గూసన్ చెక్కిన ‘ఎయిట్‌ఫోల్డ్ వే’ ఇంకా గట్టి సాక్ష్యం. 1993లో బర్క్‌లీలోని గణిత పరిశోధనసంస్థ ఆవరణలో నెలకొన్న ఈ తెల్ల చలువరాతి శిల్పానికి ఆధారం ఫెలిక్స్ క్లైన్ పేర ప్రసిద్ధమైన ఉపరితలం. మూడు రంధ్రాలుగల ఆ తలాన్ని 24 సప్తభుజాలు కప్పుతాయి. ఏ మూలనుండి బయలుదేరినా, అంచులవెంబడి ఒకమారు ఎడమకు, ఒకమారు కుడికి మళ్లుతూ పోయిన వేలు ఎనిమిది అంచులు దాటేసరికి మొదటిచోటికే చేరుతుంది. పేరు విని అష్టాంగమార్గాన్ని వెదకబోయే వ్యాఖ్యాత ముందుగా ఆ దారిని తడిమి చూడడం మంచిది.

దిశను తారుమారు చేయని సౌష్ఠవాలు క్లైన్ తలానికి 168. రాతిరూపంలో నిలిచేవి చతుష్ఫలకపు 12 భ్రమణాలే. సిద్ధాంతంలో సర్వసమానమైన సప్తభుజాలు రాతిలో చోటునుబట్టి వేర్వేరుగా వంగాయి. అట్లయితే ఇది విఫలమైన దృష్టాంతం కదా అని ప్రతివాది అడుగవచ్చు. దృష్టాంతంగా విఫలమైన మాట నిజమే. ఆ కొలబద్దను పట్టుకున్నవాడు 156 సౌష్ఠవాల లోటును లెక్కించి వెళ్లిపోవలసినదే. చేతికి తగిలే గట్టును, గాడిని, లోపలికి మలిగిన రంధ్రాన్ని గురించి అతడికి చెప్పడానికేమీ మిగలదు.

శాస్త్రనామాన్ని ఫలకంపై చెక్కి, రాతిని మాత్రం యథేచ్ఛగా గుండ్రదేర్చిన పనులూ లేకపోలేదు. వాటిని ఈ వాదం కాపాడదు. అక్కడ ఫలకాన్ని తీసివేస్తే శాస్త్రం కూడ దానితోనే పోతుంది. ఫెర్గూసన్ శిల్పంనుండి పేరు తొలగించినా, వేలు ఎనిమిదవ అంచువద్దే మొదటి మూలను తాకుతుంది.