పాట మనది, రికార్డింగ్ ఎవరిది?

డప్పు పాటలకు యూట్యూబ్‌లో శ్రోతలకు కొదవ లేదు. పాట కట్టి, పాడి, డప్పు కొట్టిన వాళ్లకు మాత్రం తరచుగా దక్కేది ఆ రోజు చేతిలో పెట్టిన కూలి డబ్బే. దీన్ని కళాకారుల అమాయకత్వం కింద కొట్టిపారేయడం మాకు సమ్మతం కాదు. చిక్కు చట్టంలోనే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగ్‌కు కర్త దాని నిర్మాత, అంటే రికార్డింగ్ చేయడానికి చొరవ, బాధ్యత తీసుకున్నవారు. సాహిత్యం మీద, బాణీ మీద, ప్రదర్శన మీద వేరే హక్కులున్నా, విడుదలయ్యాక 60 ఏళ్లపాటు ఆ రికార్డింగ్ నిర్మాత ఆస్తి. స్టూడియో అద్దె కట్టలేని బృందం ‘ఉచితంగా తీస్తాం’ అన్నవాళ్లకు వదిలేస్తున్నది ఈ స్థానాన్నే.

అందుకే ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకోవడం మా దృష్టిలో సరదా కాదు. పాత లాప్‌టాప్ ఉంటే, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్, డైనమిక్ మైక్, స్టాండ్, హెడ్‌ఫోన్ కలిపి సుమారు ఇరవై వేలలో అయిపోతుంది. అడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితం. షాపులో కండెన్సర్ మైక్ కొనమంటారు. రేకుల ఇంట్లో అది ఫ్యానును, ఆటోను, పక్కింటి కుక్కర్‌ను కూడా పట్టేస్తుంది.

నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా గిటార్ కోసం, గొంతు కోసం. డప్పు సంగతి వేరు. మైక్‌ను మూడు నాలుగు అడుగుల దూరంలో, చర్మానికి నేరుగా కాక కాస్త పక్కకు పెట్టాలి. అన్నిటికన్నా గట్టి దెబ్బ కొట్టించి, మీటర్ ఎరుపు తాకకుండా గెయిన్ తగ్గించాలి. 24 బిట్‌లో తీస్తే తక్కువ శబ్దాన్ని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన శబ్దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. కాచిన డప్పు చల్లబడి బిగువు తగ్గకముందే టేక్ ముగించాలి.

అసలు అడ్డంకి అద్దె ఇల్లు. కులం కూపీ లాగి గది ఇచ్చే పట్నంలో డప్పు మోగిందంటే కులం చెప్పినట్టే. గోడకు అంటించే ఫోమ్ లోపలి ప్రతిధ్వనిని తగ్గిస్తుంది తప్ప మోతను బయటికి పోకుండా ఆపదు. ముందు ఊళ్లోని కమ్యూనిటీ హాల్లో డప్పు తీసుకుని, దాన్ని హెడ్‌ఫోన్‌లో వింటూ గదిలో గొంతు తీయడమే మార్గం. ఇలా దాక్కోవాల్సి రావడం మాకూ మింగుడు పడదు.

పరికరాలుంటే గుర్తింపు దానంతటదే రాదు. 2021లో ‘ఎంజాయ్ ఎంజామి’ రాసి పాడిన అరివు లేకుండానే ఒక సంగీత పత్రిక ఆ పాట పేరుతో ముఖచిత్రం వేసింది. విమర్శలు వచ్చాకే ఆయన ముఖచిత్రం వెలువడింది.

కాగితాల విషయంలో మాత్రం చట్టం కొంత మన వైపు ఉంది. 19వ సెక్షన్ ప్రకారం రాత, సంతకం లేని హక్కుల బదిలీ చెల్లదు. గడువు రాయకపోతే ఐదేళ్లే. ఈ జాగ్రత్త మన బృందాల్లోనూ కావాలి. లాప్‌టాప్ ఉన్న యూనివర్సిటీ విద్యార్థి రేపు నిర్మాతనంటే, ఊళ్లో డప్పు కొట్టినవాళ్లు మళ్లీ కూలీలే. మైక్ ఎవరి డబ్బుతో కొన్నా, సభ్యులంతా ఉమ్మడి నిర్మాతలని రికార్డింగ్‌కు ముందే రాసుకుని, అందరూ సంతకాలు పెట్టాలి.